ఎవరి కంటితో చెప్పాలి, ఏ కంటితో దిద్దాలి: కథలు రాసేవారికి సమగ్ర మార్గదర్శి

కథ ఎవరి దృష్టిలోంచి నడపాలో తేల్చుకోవడం రాయడానికి ముందు చేసే పని అనీ, ప్రూఫు దిద్దుకోవడం రాసేశాక చేసే పని అనీ చాలాకాలం నేను రెంటినీ వేరువేరుగా పెట్టుకున్నాను. కొన్ని కథలు రాసి, వాటిని అచ్చులో చూసుకుని నాలుక కరుచుకున్నాక గాని తెలియలేదు, తెలుగులో ఈ రెండూ ఒకే దారానికి రెండు కొసలని. మన భాషలో కథ ఎవరి కంటితో నడుస్తున్నదో పాఠకుడికి చెప్పేవి చాలా చిన్న గుర్తులు: క్రియ చివర వచ్చే ప్రత్యయం, 'వాడు', 'అతను', 'ఆయన' అనే మాటల్లో దేన్ని ఎంచుకున్నామన్నది, 'అత్త' అన్నామా 'అత్తగారు' అన్నామా అన్నది, వాక్యం చివర తగిలించిన ఒక్క 'ట'. ఇవన్నీ ప్రూఫు దిద్దేటప్పుడు కలం కిందికి వచ్చే అక్షరాలే. అందుకని ముందు దృష్టికోణం ఎంచుకునే పద్ధతినీ, ఆ తర్వాత రాసిన ప్రతిని దిద్దుకునే పద్ధతినీ వరసగా చెబుతాను. ఉదాహరణకు మొదటినుంచి చివరిదాకా ఒకే సన్నివేశాన్ని వాడతాను. పది దృశ్యాలు చూసినదానికన్నా ఒకే దృశ్యాన్ని పదిసార్లు తిప్పి రాస్తేనే చెయ్యి తొందరగా తిరుగుతుంది.

సన్నివేశం ఇది. 2022 జులై. గోదావరి గౌతమీ పాయ మధ్య ఒక లంక గ్రామం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక వెలువడింది. కాజ్‌వే ఎప్పుడో మునిగిపోయింది. లంకలో మిగిలిన ఆఖరి ఇంట్లో డెబ్భై ఏళ్ళ వెంకాయమ్మ పడవ ఎక్కనని మంచం పట్టుకుని కూర్చుంది. కోడలు లక్ష్మి బతిమాలుతోంది. మనవడు బుజ్జికి పదేళ్ళు. కొడుకు కువైట్‌లో ఉన్నాడు. రేవులో సత్తిబాబు నాటుపడవ పట్టుకుని కేకలేస్తున్నాడు. 1986 ఆగస్టు వరదలో వెంకాయమ్మ నాలుగేళ్ళ కొడుకును చంకనేసుకుని పడవ ఎక్కింది. పశువుల పలుపులు విప్పి వస్తానని వెనక్కి వెళ్ళిన భర్త మళ్ళీ రాలేదు. మామగారు వరదలో పోయారని లక్ష్మికి తెలుసు గాని, ఆయన్ని ఒడ్డున వదిలి అత్త పడవ ఎక్కిందన్న సంగతి తెలియదు. ఆయన కళ్ళజోడు ఇప్పటికీ ముసలావిడ తలగడ కింద ఉంది.

మొదటి మెట్టు: ఎవరికి ఏమి తెలుసో రాసుకోవడం

కలం కాగితం మీద పెట్టేముందు, కథలో ఉన్న ప్రతి మనిషి పేరు కిందా ఆ మనిషికి తెలిసినవి, తెలియనివి రెండు వరసల్లో రాసుకోవాలి. పై సన్నివేశంలో వెంకాయమ్మకు అన్నీ తెలుసు. బుజ్జి కళ్ళజోడు చూశాడు, అది ఎవరిదో తెలియదు. సత్తిబాబుకు 1986 సంగతి వాళ్ళ నాన్న చెప్పగా తెలుసు, కాని ఈ క్షణంలో ఇంట్లో ఏమి జరుగుతున్నదో తెలియదు. లక్ష్మికి కళ్ళజోడూ తెలియదు, పాత సంగతీ తెలియదు. నీళ్ళు గుమ్మం ఎక్కుతున్నాయని మాత్రం తెలుసు.

ఈ పట్టిక చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. అన్నీ తెలిసిన మనిషి కంటితో చెబితే దాచడానికి ఏమీ మిగలదు. దాస్తే పాఠకుడిని మోసం చేసినట్టవుతుంది. వెంకాయమ్మ మనసులోకి వెళ్ళి కూడా కళ్ళజోడు సంగతి చివరిదాకా చెప్పకుండా ఆపితే, ఆ ఆపడం రచయిత చేతిపనిగా బయటపడిపోతుంది. కొత్తగా రాసేవారు ఎక్కువగా చేసే తప్పు ఇదేనని నా అభిప్రాయం: ఎవరి బాధ ఎక్కువో వారి కంటినే ఎంచుకుంటారు. ఎవరు ఏదో ఒకటి కొత్తగా తెలుసుకుని కథ చివరికి మారతారో వారి కన్ను చాలాసార్లు ఎక్కువ పనికొస్తుంది. మన సన్నివేశంలో ఆ మనిషి లక్ష్మి.

రెండో మెట్టు: ఒకే పేరాను నాలుగు రకాలుగా రాయడం

ఆలోచనతో తేలని సంగతి రాస్తే తేలుతుంది. అయిదారు వాక్యాల పేరా ఒకటి తీసుకుని నాలుగు విధాలుగా రాసి చూడాలి. గంట పని, వారం రోజుల తిరగరాతను తప్పిస్తుంది.

ముందు సర్వసాక్షి కథనం:

"ఆ సాయంత్రానికి లంకలో అన్ని గడపలూ ఖాళీ అయ్యాయి. ఒక్క గడపలో మాత్రం వెంకాయమ్మ మంచం దిగలేదు. పడవెక్కిన ప్రతిసారీ గోదావరి ఒకరిని ఉంచేసుకుంటుందని ఆమె నమ్మకం. ఆ సంగతి లక్ష్మికి తెలియదు. తెలిసుంటే అంతగా కసిరేది కాదు."

అందరి మనసుల్లోకీ వెళ్ళే స్వేచ్ఛ ఇందులో ఉంది. చివరి వాక్యంలో కథకుడి గొంతు విడిగా వినిపిస్తుంది కూడా. ఊరి చరిత్ర, మూడు తరాల సంగతి చెప్పాలనుకునే పెద్ద కథకు ఇది సరిపోతుంది. పడవ కదిలేలోగా ముగిసిపోయే చిన్న కథకు మాత్రం ఈ గొంతు మరీ తీరుబడిగా ఉంటుంది.

రెండోది, లక్ష్మికి అంటిపెట్టుకున్న ప్రథమ పురుష:

"అత్త కదల్లేదు. గుమ్మంలో నీళ్ళు మొదటి మెట్టు మింగేసి రెండో మెట్టును తడుముతున్నాయి. ఇంకెంతసేపు ఈవిడ పంతం? తను ఈ ఇంటికొచ్చి పదకొండేళ్ళు, ఏ రోజూ ఈవిడ ఒక్క మాట విన్నది లేదు. రేవులో సత్తిబాబు రెండుసార్లు కేకేశాడు. మూడోసారి పిలవడు."

మూడోది, బుజ్జి చెప్పే ఉత్తమ పురుష:

"నాయనమ్మ రానంది. అమ్మ గట్టిగా అరిచింది. నాయనమ్మ తలగడ కింద చెయ్యి పెట్టి ఏదో తడుముకుంది. అద్దాలు. నేను చూశాను. అమ్మ చూడలేదు."

నాలుగోది, రేవులో నిలబడ్డ సత్తిబాబు వైపు నుంచి:

"ముసలావిడ మంచం దిగనంటోందట. పిల్లాడొచ్చి చెప్పాడు. సత్తిబాబు గెడ నీట్లో దింపి చూశాడు. పొద్దున్న అందిన నేల ఇప్పుడు అందలేదు."

నాలుగూ చదివాక ఏది బాగుందని అడక్కూడదు. ఏది రాస్తుంటే తర్వాతి వాక్యం దానంతటదే వచ్చిందో చూసుకోవాలి. ఈ కథకు నాకు రెండోది కుదిరింది. 'ఈవిడ పంతం' అన్న విసుగులోనే తర్వాత రాబోయే పశ్చాత్తాపానికి చోటుంది.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. మన వ్యాకరణంలో ఉత్తమ పురుష అంటే 'నేను', మధ్యమ పురుష అంటే 'నువ్వు', ప్రథమ పురుష అంటే 'వాడు, ఆమె, అది'. ఇంగ్లీషు బడిలో చదువుకున్నవారు 'ప్రథమ' అన్న మాట చూసి దాన్ని ఫస్ట్ పర్సన్ అనుకుంటారు. సంపాదకుడు 'ప్రథమ పురుషలో రాయండి' అంటే కథంతా 'నేను'లోకి మార్చి పంపినవారిని ఎరుగుదును. మధ్యమ పురుష సంగతి ఒక్క మాటలో ముగిస్తాను: ఉత్తరం రూపంలో తప్ప అది కథంతా నిలబడటం అరుదు. అందులోనూ 'నువ్వు' అనాలా 'మీరు' అనాలా అన్న ప్రశ్న మొదటి వాక్యంలోనే ఇద్దరి మధ్య వరసను తేల్చేస్తుంది.

మూడో మెట్టు: 'నేను' ఎప్పటి నేనో తేల్చుకోవడం

ఉత్తమ పురుష ఎంచుకున్నవారు ఇంకొక నిర్ణయం తీసుకోవాలి. బుజ్జి పదేళ్ళప్పుడే చెబుతున్నాడా, పెద్దవాడయ్యాక తలుచుకుని చెబుతున్నాడా? పదేళ్ళవాడి గొంతులో 'ఆమె మౌనం నన్ను కలవరపెట్టింది' అన్న వాక్యం పలకదు. 'నాయనమ్మ మాట్లాడకపోతే నాకు ఏడుపొచ్చింది' అన్నది పలుకుతుంది. పెద్దవాడి గొంతైతే రెండు దూరాలు దొరుకుతాయి, అప్పుడు చూసినదీ ఇప్పుడు అర్థమైనదీ. ఆ సౌకర్యానికి మూల్యం ఉంది: పాఠకుడికి మొదటి పేజీలోనే పిల్లవాడు బతికి బట్టకట్టాడని తెలిసిపోతుంది. పైగా లెక్క కూడా చూసుకోవాలి. 2022లో పదేళ్ళున్న బుజ్జికి ముప్ఫై ఏళ్ళు రావాలంటే 2042 దాకా ఆగాలి. అటువంటి గొంతే కావాలనుకుంటే కథను 1986 వరదకే జరిపి, ఆనాటి నాలుగేళ్ళ కొడుకు చేత చెప్పించాలి. నాలుగేళ్ళ జ్ఞాపకం ఎంత నమ్మదగినదన్నది మళ్ళీ వేరే ప్రశ్న.

'మేము', 'మనం' అనే తేడా మన భాషకున్న సొత్తు. "ఆ రాత్రి మేమందరం ఏటిగట్టు మీదే పడుకున్నాం" అంటే పాఠకుడు బయటివాడు. "మన లంకకు వరద కొత్తా?" అంటే అతన్ని కూడా గట్టు మీద కూర్చోబెట్టుకున్నట్టే. ఊరంతా కలిసి చెప్పే కథ రాయదలచుకున్నవారు వీటిలో ఒకదాన్ని ఎంచుకుని కథ పొడుగునా దానికే కట్టుబడాలి.

నాలుగో మెట్టు: కన్ను చెదరకుండా చూసే గుర్తులు

దృష్టికోణం ఎంచుకోవడం సులువు, నిలబెట్టుకోవడం కష్టం. దానికి నేను చూసుకునే గుర్తులు కొన్ని ఉన్నాయి. వీటిని కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఇవి తెలుగు వాక్యంలోనే ఉన్నవి. వేరే భాషలో రాసిన రచనా పాఠాలు చదివితే దొరకవు.

పిలుపులూ సర్వనామాలూ మొదటివి. లక్ష్మి కంటితో నడిచే కథలో కథనం కూడా 'అత్త' అనాలి. మధ్యలో 'వెంకాయమ్మ' అని రాస్తే ఆ వాక్యం వరకు లక్ష్మి పక్కకు తప్పుకుని ఎవరో ఊరివారు వచ్చి నిలబడ్డట్టు ఉంటుంది. సత్తిబాబు లక్ష్మికి 'అతను'. వెంకాయమ్మకు చిన్నప్పటినుంచి ఎరిగిన 'వాడు'. బుజ్జికి 'సత్తిబాబు మావయ్య'. కథంతా ఒకే కన్నైతే ఒకే మాట ఉండాలి.

'వచ్చాడు', 'వెళ్ళాడు' అన్నవి రెండోవి. "సత్తిబాబు ఇంట్లోకి వచ్చాడు" అంటే చూసేవారు ఇంట్లో ఉన్నారు. "ఇంట్లోకి వెళ్ళాడు" అంటే చూసేవారు రేవులోనో వాకిట్లోనో ఉన్నారు. లక్ష్మి మంచం పక్కన నిలబడి ఉండగా 'వెళ్ళాడు' అని రాస్తే, పాఠకుడికి తప్పు ఎక్కడుందో తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది. 'ఈ', 'ఆ' అన్న మాటలదీ ఇదే పని.

మనసు పడే అనుభవం మూడోది. 'లక్ష్మికి భయమేసింది' అని రాయవచ్చు, ఆ భయం లోపల మనం ఉన్నాం కాబట్టి. 'అత్తకు భయమేసింది' అని అదే కథలో రాయడానికి వీల్లేదు. 'అత్త భయపడినట్టుంది' అనో, ఇంకా మేలు, 'అత్త చేతివేళ్ళు మంచంకోడును వదల్లేదు' అనో రాయాలి. ఆకలి, చలి, దుఃఖం, అనుమానం, ఇవన్నీ 'కి', 'కు' చేరి వచ్చే వాక్యాలు; అటువంటి ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఈ మనిషి లోపల ఉండే హక్కు మనకుందా అని అడగాలి.

నాలుగోది 'ట'. 'దిగనంటోందట' అన్న ఒక్క మాటతో సత్తిబాబు ఇంట్లో లేడని, కబురు విన్నాడని, చూడలేదని తేలిపోయింది. ఇంత చవకగా ఇంత పని చేసే ప్రత్యయం ఇంకొకటి లేదు. సర్వసాక్షికి మాత్రం 'ట' నప్పదు. అన్నీ చూసేవాడికి ఎవరు కబురు చెప్పాలి?

చివరిది 'తను'. లక్ష్మికి అంటిపెట్టుకున్న కథనంలో 'తను' అంటే లక్ష్మి అని పాఠకుడికి అలవాటవుతుంది. అదే వాక్యంలో కర్త మారితే చిక్కు వస్తుంది. "సత్తిబాబు తన పడవ కట్టేసి తన వైపు చూశాడు" అన్నప్పుడు ఒక 'తన' అతనిది, రెండోది ఆమెది. ఇటువంటి చోట మొహమాటపడకుండా పేరు వాడాలి.

ఒకరి కన్ను వదిలి మరొకరి కంటికి మారవచ్చా అని అడుగుతారు. మారవచ్చు; మారే చోట ఒక వరస ఖాళీ వదిలి, కొత్త భాగంలో మొదటి వాక్యంలోనే కొత్త కన్ను ఎవరిదో పిలుపు ద్వారా తెలిసేలా చెయ్యాలి. రెండువేల మాటల కథలో ఒకసారి కన్నా ఎక్కువ మారితే మాత్రం ఎంపికే తప్పేమోనని నాకు అనుమానం వస్తుంది.

అయిదో మెట్టు: ఆరబెట్టి, కాగితం మీద చదవడం

చిత్తుప్రతి పూర్తయ్యాక కనీసం వారం రోజులు ముట్టుకోకూడదు. ఆ తర్వాత కాగితం మీద తీసుకుని, వరస కింద స్కేలు పెట్టుకుని, పైకి చదువుతూ దిద్దాలి. తెర మీద మన కన్ను అక్షరాలను చదవదు, గుర్తుకొచ్చినదాన్ని చదువుతుంది. కాగితం దొరకనివారు కనీసం ఫాంటు మార్చి, అక్షరం పెద్దది చేసి చదవాలి.

ఒక్కసారికి ఒక్క రకం తప్పునే వెతకాలన్నది ఇందులో ముఖ్యమైన నియమం. అన్నీ ఒకేసారి దిద్దబోతే కథలో పడిపోతాం. నా వరస ఇది: మొదటి చదువు కన్ను కోసం, రెండోది వాక్యం కోసం, మూడోది నిజాల కోసం, నాలుగోది యాస కోసం, చివరిది అక్షరాల కోసం.

మొదటి చదువులో నాలుగో మెట్టులో చెప్పిన గుర్తులన్నీ పెన్సిలుతో చుట్టుకుంటూ పోవాలి. ఫైలులో అయితే 'అనుకున్న', 'అనిపించి', 'తన', 'ఆమెకు' అన్న మాటలను వెతుకుతూ పోతే సగం పని అయిపోతుంది.

ఆరో మెట్టు: వాక్యంలో కర్త తప్పిపోయిన చోట్లు

తెలుగులో కర్తను వదిలేసి వాక్యం రాయడం సహజం. క్రియ చివర చూసి ఎవరో తెలుసుకుంటాం. కాని 'లేదు' చేరిన వ్యతిరేక క్రియకు ఆ గుర్తు ఉండదు. 'దిగింది' అంటే ఆమె, 'దిగాడు' అంటే అతను, 'దిగలేదు' అంటే ఎవరైనా కావచ్చు. "చాలాసేపు మాట్లాడలేదు. తల ఎత్తలేదు. తలుపు వైపు చూడలేదు." మూడు వాక్యాలూ బాగానే ఉన్నాయి, ఎవరి గురించో మాత్రం తెలియదు. నా చిత్తుప్రతిలో ఇటువంటి పేరాను బుజ్జి గురించి రాస్తే, చదివిన మిత్రుడు ముసలావిడ గురించి అనుకున్నాడు.

దీనికి తోబుట్టువు లాంటి తప్పు మరొకటి. "లక్ష్మి తలుపు తీసి, నీళ్ళు లోపలికి వచ్చాయి" అని మాటల్లో అనేస్తాం గాని రాతలో నిలవదు. 'తీసి' అన్న మాటకూ ముగింపు క్రియకూ కర్త ఒక్కరే కావాలి. "లక్ష్మి తలుపు తియ్యగానే నీళ్ళు లోపలికి వచ్చాయి" అనాలి. పొడుగు వాక్యాలు రాసే అలవాటున్నవారు, నాతో సహా, 'చేసి', 'చూసి', 'తీసి' అన్న ప్రతి మాట కిందా గీత గీసుకుని చివరిదాకా వేలు పెట్టి చూసుకోవాలి.

ఏడో మెట్టు: కాలం, స్థలం, వయసు

కల్పిత కథే కదా అని ఇక్కడ సడలించకూడదు. చదివేవారిలో ఆ గట్టు మీద పుట్టినవారు ఉంటారు. నా మొదటి చిత్తుప్రతిలో 2022 వరదను కూడా ఆగస్టులోనే పెట్టేశాను. 1986 వరద ఆగస్టుది కావడం వల్ల చెయ్యి అలా పోయింది. 1986 భాగంలో 'కోనసీమ జిల్లా' అని రాశాను. ఆ జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది, అంతకు ముందు అది తూర్పు గోదావరి. రెండు తప్పులూ నాకు కనిపించలేదు, మా ఇంట్లోవారికి కనిపించాయి.

డెల్టాలో కథ పెట్టేవారు చూసుకోవలసినవి ఇంకా ఉన్నాయి. కోటిపల్లి రేవు గౌతమి మీదిది, సఖినేటిపల్లి రేవు వసిష్ఠ మీదిది. పాత్ర ఒక రేవులో ఎక్కి ఇంకో పాయలో దిగకూడదు. 1986లో యానాం, ఎదుర్లంకల మధ్య వంతెన లేదు. ఎండాకాలంలో కాలవలు కట్టేస్తారు కాబట్టి మే నెలలో పాత్ర చేత నిండు కాలవలో ఈత కొట్టించకూడదు. జగ్గన్నతోట ప్రభల తీర్థం కనుమ నాడు. సంక్రాంతి నాడని రాస్తే ఆ చుట్టుపక్కల ఎవరూ తర్వాతి పేజీ తిప్పరు. తుఫాను కథ రాస్తూ 1996ను తలుచుకుంటే అది నవంబరు 6 రాత్రి. ధవళేశ్వరం హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గర వరసగా మొదటిది, రెండోది, మూడోది. అంకె ఒకటి వేసి హెచ్చరిక ఇంకొకటి రాయడం సులువుగా జరిగే తప్పు.

వయసులకు ఒక కాగితం విడిగా పెట్టుకోవాలి. కొడుక్కి 1986లో నాలుగేళ్ళు అయితే 2022లో నలభై. లక్ష్మి వచ్చి పదకొండేళ్ళు, బుజ్జికి పది. ఈ నాలుగు అంకెలూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి, ఒకటి మారిస్తే అన్నీ మార్చాలి.

ఎనిమిదో మెట్టు: యాసను దిద్దడం, దిద్దకపోవడం

సత్తిబాబు మాట ఇలా ఉంటుంది: "అమ్మా, నీరు లాగేత్తందండి. ఇంకో అరగంటైతే గెడ అందదండి, ఆయ్." ఇందులో 'లాగేత్తంది' తప్పు కాదు. అదే సత్తిబాబు తర్వాతి పేజీలో 'వస్తున్నాను' అంటే మాత్రం తప్పు. అక్కడ 'వత్తన్నానండి' కావాలి. ప్రతి పాత్రకూ మనమే ఒక చిన్న పట్టిక రాసుకోవాలి: వత్తన్నా, చేత్తన్నా, ఏటి, ములిగింది. లక్ష్మి ఇంటరు చదువుకున్నది. ఆమె 'మునిగింది' అంటుంది, సత్తిబాబు 'ములిగింది' అంటాడు. కథనం ఎవరి యాసలో ఉండాలన్నది దృష్టికోణంతోనే తేలుతుంది. 'ఆయ్' అన్న మాటను ప్రతి వాక్యానికీ తగిలించడం మాత్రం గోదావరి యాస కాదు, సినిమా యాస.

ఒకసారి ఒక పత్రికవారు నా కథలో సగం సంభాషణలను మంచి తెలుగులోకి దిద్ది, మిగిలిన సగం అలాగే వదిలేశారు. పడవవాడు ఒక పేజీలో పడవవాడిలా, రెండో పేజీలో పంతులుగారిలా మాట్లాడాడు. అప్పటినుంచి కథతో పాటు ఆ పట్టికను కూడా జతచేసి, 'ఇవి అచ్చుతప్పులు కావు, దయచేసి ఉంచండి' అని రాసి పంపుతున్నాను.

తొమ్మిదో మెట్టు: అక్షరాలు

ఇప్పుడు కథను చివరి పేరా నుంచి మొదటి పేరాకు వెనక్కి చదవాలి. కథ తెగిపోతుంది, అక్షరం కనిపిస్తుంది.

ఒత్తులు ముందు చూడాలి: అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం, విద్యార్థి, ప్రథమ, ధైర్యం. ల, ళ తర్వాత: వేల మంది, వెన్నెల వేళ, కల కన్నది, కళ తప్పింది, ఒక ఇల్లు, నాలుగు ఇళ్ళు. ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసేవారికి ఈ తప్పులు ఎక్కువగా దొర్లుతాయి. ఖాళీ ఇల్లు కాళీ ఇల్లు అయితే అమ్మవారు వచ్చి కూర్చుంటుంది. 'పాడి గేదె'లో గుడి జారి ఎత్వం పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. నీళ్ళు, నీళ్లు, వెళ్ళాడు, వెళ్లాడు, ఈ జంటల్లో రెండూ చెల్లుతాయి, కాని ఒక కథలో ఒకటే ఉండాలి.

ఖాళీలు కూడా అక్షరాలే. "ఆ తాడు వాడు కొన్నాడు" అంటే డబ్బిచ్చాడు; "ఆ తాడు వాడుకొన్నాడు" అంటే ఉపయోగించాడు. వరస చివర మాట విరిగినప్పుడు ఇటువంటివి పుడతాయి.

'కువైట్‌లో' అన్నప్పుడు 'ట్' తర్వాత కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకటి ఉంటుంది. అది పోతే 'కువైట్లో' అయిపోతుంది. ఫైలు ఒక చోటినుంచి ఇంకో చోటికి వెళ్ళినప్పుడు, ముఖ్యంగా యూనికోడ్ నుంచి డీటీపీవారి పాత ఫాంట్లలోకి మారినప్పుడు, ఈ గుర్తులతో పాటు కొన్ని సంయుక్తాక్షరాలు కూడా దెబ్బతింటాయి. క్ష, జ్ఞ, స్త్ర వంటివి ఎక్కడున్నాయో ముందే గుర్తుపెట్టుకుని మొదట అక్కడే చూడాలి.

పేర్లు మార్చేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. లక్ష్మికి నేను మొదట పెట్టిన పేరు మంగ. మధ్యలో మనసు మారి, ఫైలంతా ఒక్కసారిగా 'మంగ' తీసేసి 'లక్ష్మి' వేయించాను. కథలో వరద మంగళవారం నాడు వస్తుంది. అది 'లక్ష్మిళవారం' అయింది. మంగళసూత్రం గతి కూడా అంతే. అది నవ్వుకుని దిద్దాను గాని, అంతకన్నా సన్నని తప్పు ఒకటి దాగి ఉంది: 'మంగకు' అన్న ప్రతి చోటా 'లక్ష్మికు' మిగిలిపోయింది. ఇకారం మీద ముగిసే పేరుకు 'కి', 'ని' రావాలి. అకారం మీద ముగిసే పేరుకు 'కు', 'ను' వస్తాయి. ఒక్కసారిగా మార్పించే మీట నొక్కకుండా, ఒక్కొక్క చోటా ఆగి మార్చుకోవడమే దారి.

పదో మెట్టు: ఇద్దరు పాఠకులు, ఒక పేజీ ప్రూఫు

ఎంత దిద్దినా సొంత రాత సొంత కంటికి పూర్తిగా కనిపించదు. ఇద్దరి చేత చదివించాలి: ఒకరు ఈ గోదావరి గట్లు ఎరిగినవారు, ఇంకొకరు ఎప్పుడూ చూడనివారు. మొదటివారు రేవు తప్పు పట్టుకుంటారు, రెండోవారు మనం చెప్పామనుకుని చెప్పని సంగతిని పట్టుకుంటారు. 'ఎలా ఉంది' అని అడిగితే 'బాగుంది' అంటారు. 'ఎక్కడ ఎవరు మాట్లాడుతున్నారో తెలియలేదు?' అని అడిగితే పేజీ తీసి చూపిస్తారు.

పేజీ ప్రూఫు వచ్చినప్పుడు ముందు శీర్షిక, మన పేరు, మొదటి వాక్యం, చివరి వాక్యం చూడాలి. పెద్ద అక్షరాలను ఎవరూ చదవరు, అందువల్ల అక్కడే తప్పులు మిగులుతాయి. తర్వాత పేజీ మారే చోట్లు, వరస ఖాళీ వదిలిన చోట్లు. కన్ను మారుతున్నదని చెప్పే ఆ ఖాళీ వరస, జాగా సరిపోక ఎగిరిపోవడం తరచూ జరుగుతుంది. ఆపైన మన దిద్దుబాటు ప్రతిని పక్కన పెట్టుకుని వరస వరసా పోల్చి చూడాలి.

లక్ష్మి కథ ప్రూఫు వచ్చినప్పుడు నేను అలాగే చూశాను. శీర్షిక సరిగ్గానే ఉంది, సత్తిబాబు యాస కూడా ఉన్నదున్నట్టే ఉంది. రెండో పేజీలో, అత్త మంచం పక్కనే లక్ష్మి నిలబడి ఉన్నచోట, 'ఇంకెంతసేపు ఆవిడ పంతం?' అని ఉంది. ఎవరో మంచి మనసుతోనే 'ఈవిడ'ను 'ఆవిడ' చేశారు. ఎర్రసిరాతో 'ఆ' కొట్టేసి, పైన 'ఈ' రాసి పంపాను.